ఫ్రాంక్ వీనెకె: మ్యాట్ మీద గెలిచినవాడు, మ్యాట్ పక్కన గెలిపించినవాడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, జూడో నేర్చుకుంటున్నాడు. జర్మనీకి చెందిన ఫ్రాంక్ వీనెకె 1984లో తాను ఒలింపిక్ స్వర్ణం గెలిచాడని, 2008లో ఆయన కోచ్‌గా ఉండగా మరో జర్మన్ అదే బరువు తరగతిలో స్వర్ణం గెలిచాడని ఎక్కడో చదివారు. పెద్ద పతకం ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకుంటేనే పతకాలు వస్తాయా? వీనెకె విషయంలో అసలు ఏం జరిగింది? బాబుకి ఏ బౌట్లు చూపించాలి?

నేను చాలా ఏళ్ళుగా పిల్లలకు జూడో నేర్పుతున్నాను. వీనెకె బౌట్లు చూసీ చూపించీ అరగదీశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఒక్క మాటలో కావాలంటే, ఆయన పతకం ఆయనకు కోచ్ ఉద్యోగం దాకా దారి వేసింది. ఆ తర్వాత ఆయన చేసినదానికీ ఆ పతకానికీ సంబంధం మనం అనుకునేంత లేదు.

వీనెకె 1962 జనవరిలో హానోవర్‌లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి వయసు 22. 78 కిలోల తరగతి, అప్పట్లో దాన్నే హాఫ్ మిడిల్‌వెయిట్ అనేవారు. పోటీలు కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ జిమ్‌లో జరిగాయి. ఆ తరగతిలో అందరి కళ్ళూ ఒకే మనిషి మీద ఉన్నాయి: బ్రిటన్‌కి చెందిన నీల్ ఆడమ్స్. 1980 మాస్కోలో 71 కిలోల్లో ఇటలీ ఆటగాడు ఎజియో గాంబా చేతిలో ఫైనల్ ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు. 1981లో మాస్ట్రిక్ట్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1983 ప్రపంచ పోటీల్లో మళ్ళీ ఫైనల్‌కి వచ్చి జపాన్ ఆటగాడు హికాగే చేతిలో ఓడాడు. అంటే ఒలింపిక్ స్వర్ణం ఒక్కటే బాకీ. లాస్ ఏంజెలెస్‌లో ఆ బాకీ తీరుతుందని దాదాపు అందరూ రాసుకున్నారు. ఫైనల్లో ఎదురుగా నిలబడ్డ జర్మన్ కుర్రాడి మీద ఎవరికీ పెద్ద ఆశల్లేవు.

వీనెకె ఆడమ్స్‌ని సెయోయి-నాగెతో విసిరేశాడు. ఇప్పన్, అంటే బౌట్‌ని అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింట్. బౌట్ అక్కడితో అయిపోయింది.

ఈ ఒక్క త్రో గురించి కాస్త ఆగి చెప్పాలి. బయటి నుంచి చూస్తే వీపు మీదుగా ఎత్తి పడేసినట్టు, చాలా తేలిగ్గా కనిపిస్తుంది. మీ అబ్బాయి దీన్ని మొదటి ఏడాదిలోనే నేర్చుకుని ఉంటాడు. ఒక చేత్తో ప్రత్యర్థి స్లీవ్, ఇంకో చేత్తో కాలర్. స్లీవ్ పట్టిన చెయ్యి ముందు కదలాలి. వాచీలో టైమ్ చూసుకుంటున్నట్టు మోచెయ్యి పైకి లేపి లాగాలి. అవతలివాడి బరువు మడమల మీంచి కాలివేళ్ళ మీదకి రావాలి. ఆ క్షణంలోనే తిరిగి, రెండో మోచెయ్యి వాడి చంకలోకి దూర్చి, మోకాళ్ళు వంచి, మన నడుము వాడి బెల్ట్ కంటే కిందకి దించాలి. ఇదంతా అర సెకను పని. లాగడం సరిగ్గా కుదరకపోతే? ప్రత్యర్థికి మన వీపు అప్పగించినట్టే. వాడు నడుము దించి కూర్చుంటే చాలు, మనం కింద బోర్లా పడతాం, వాడు పైన ఉంటాడు.

ఇక ఆ పైన ఉండేది ఆడమ్స్ అయితే ఏమవుతుంది? నేల మీద ఆట, అంటే నే-వాజాలో ఆయన్ని మించినవాళ్ళు ఆ కాలంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1981 ప్రపంచ ఫైనల్లో జపాన్‌కి చెందిన కాసేని జూజీ-గతామే ఆర్మ్‌లాక్‌తోనే లొంగదీశాడు. ఆ ఆర్మ్‌లాక్ ఎలా వేయాలో నేర్పడానికి ఇప్పటికీ కోచ్‌లు ఆడమ్స్ వీడియోలే పెడతారు. అలాంటివాడికి వీపు చూపించే త్రోని ఒలింపిక్ ఫైనల్లో ఎంచుకోవాలంటే ధైర్యం ఒక్కటే ఉంటే సరిపోదు, ఆ త్రో మీద చెయ్యి తిరిగి ఉండాలి. నా దృష్టిలో ఆ ఇప్పన్ విలువంతా ఇక్కడే ఉంది. దాన్ని అదృష్టం కింద కొట్టిపారేసేవాళ్ళు ఈ కోణం పట్టించుకోరు.

అయితే ఇంకో విమర్శ ఉంది, దాన్ని పక్కన పెట్టేయలేం. 1984 ఒలింపిక్స్‌ని సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, క్యూబా బహిష్కరించాయి. 1980లో మాస్కోలో ఇదే 78 కిలోల స్వర్ణం గెలిచిన షోతా ఖబరేలీ సోవియట్ ఆటగాడు. ఆ జట్టే రాలేదు. కాబట్టి పోటీ పలచబడిందని, అది సగం విలువ పతకమని అన్నవాళ్ళున్నారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. జూడో వరకు సోవియట్, తూర్పు జర్మన్ ఆటగాళ్ళు లేకపోవడం అంటే చిన్న లోటు కాదు. దానికి ముందు 1980లో మాస్కోకి పశ్చిమ జర్మనీయే వెళ్ళలేదు. అంటే వరసగా రెండు ఒలింపిక్స్‌లో జర్మన్ జూడోలో ఏదో ఒక సగం ఇంట్లో కూర్చుంది. తూర్పు జర్మనీకి చెందిన డెట్లెఫ్ ఉల్చ్ 1979లోనూ, 1983లోనూ ప్రపంచ చాంపియన్. మంచి ఊపులో ఉండి కూడా లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళలేకపోయాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ విమర్శకి జవాబు 1988లో సియోల్‌లో దొరికింది. ఈసారి సోవియట్లు వచ్చారు, తూర్పు జర్మన్లు వచ్చారు. మధ్యలో 1986లో యూరప్ చాంపియన్ అయిన వీనెకె, 26 ఏళ్ళ వయసులో మళ్ళీ ఫైనల్ దాకా వెళ్ళాడు. పోలండ్ ఆటగాడు వాల్డెమార్ లెగియెన్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నాడు. కంచు పతకాలు ఎవరికి వచ్చాయో చూడండి: ఒకటి సోవియట్ యూనియన్‌కి చెందిన బషీర్ వరాయెవ్‌కి, రెండోది తూర్పు జర్మనీకి చెందిన టోర్‌స్టెన్ బ్రెషోకి. నాలుగేళ్ళ కిందట ఎవరు లేరని గొడవ చేశారో, ఆ రెండు దేశాలవాళ్ళూ ఆయన కింద మెట్టు మీద నిలబడ్డారు. ఆ లెగియెన్ కూడా మామూలువాడు కాదు. 1992 బార్సిలోనాలో పై తరగతికి, 86 కిలోలకి వెళ్ళి అక్కడా స్వర్ణం కొట్టాడు. అందుకే వీనెకె పతకాల్లో నేను సియోల్ రజతానికే పెద్ద పీట వేస్తాను. ఈ మాట అంటే నా తోటి కోచ్‌లు ఒప్పుకోరు. స్వర్ణం స్వర్ణమే అంటారు. సరే, ఎవరి లెక్క వాళ్ళది.

ఇంకో మాట. పశ్చిమ జర్మనీ అనే దేశం పేరు మీద జూడోలో వచ్చిన ఒలింపిక్ స్వర్ణం వీనెకెదొక్కటే. రెండు జర్మనీలూ, ఇప్పటి జర్మనీ కలిపి లెక్కేసినా 2024 పారిస్ దాకా వచ్చినవి ఐదే: 1980లో తూర్పు జర్మనీకి చెందిన డీట్మార్ లోరెంజ్, 1984లో వీనెకె, 1996లో ఉడో క్వెల్‌మాల్ట్స్, 2004లో ఇవోన్ బ్యోనిష్, 2008లో ఓలె బిషోఫ్. అన్ని క్లబ్బులు, అంత పద్ధతి, బుండెస్లీగాలో, అంటే వాళ్ళ జాతీయ లీగ్‌లో, జూడోకి కూడా టీమ్ పోటీలు, సైన్యంలో క్రీడాకారులకు ప్రత్యేక ఉద్యోగాలు. ఇన్ని ఉన్నా ఐదే. ఒలింపిక్ జూడో స్వర్ణం ఎంత దుర్లభమో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు కోచ్ సంగతికి వద్దాం. 2000 సిడ్నీలో జర్మన్ పురుషుల జూడో జట్టు ఒక్క పతకం కూడా లేకుండా ఇంటికి వచ్చింది. మహిళల్లో అన్నా-మారియా గ్రదాంటె తెచ్చిన కంచు ఒక్కటే ఊరట. దాని తర్వాతి కాలంలో పురుషుల జాతీయ కోచ్ బాధ్యత వీనెకె చేతికొచ్చింది, 2008 దాకా ఆయన దగ్గరే ఉంది. 2003లో ఒసాకాలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఫ్లోరియాన్ వానర్ 81 కిలోల్లో చాంపియన్ అయ్యాడు. (1990ల చివర్లో బరువు తరగతులు మార్చినప్పుడు పాత 78 కిలోలే 81 అయింది. అంటే వీనెకె సొంత తరగతే.) జర్మనీ అంతా ఏథెన్స్ మీద ఆశలు పెట్టుకుంది. 2004లో ఏథెన్స్‌లో ఆ తరగతిలో జర్మనీకి ఏమీ రాలేదు. పురుషుల్లో 100 కిలోల్లో మైకేల్ యూరాక్ తెచ్చిన కంచు ఒక్కటే. మహిళలేమో బ్యోనిష్ స్వర్ణంతో కలిపి మూడు పతకాలు పట్టుకొచ్చారు. పక్కవాళ్ళకి మూడు, మనకి ఒకటి అన్నప్పుడు కోచ్ మీద ఎంత టెన్షన్ ఉంటుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

2008 ఆగస్టు 12, బీజింగ్, 81 కిలోలు. ఈసారి మ్యాట్ మీద ఓలె బిషోఫ్. 1979లో రాయిట్లింగెన్‌లో పుట్టాడు, 2005లో యూరప్ చాంపియన్, అర్థశాస్త్రం చదువుకున్నవాడు. అప్పటికి ప్రపంచ ర్యాంకింగుల పద్ధతి ఇంకా రాలేదు. డ్రాలో ఎవరు ఎవరికి తగులుతారో తెలియదు, మొదటి రౌండ్లోనే గండం ఎదురు కావచ్చు. ఫైనల్లో కొరియా ఆటగాడు కిమ్ జే బమ్ తగిలాడు. ఇప్పన్ ఏమీ లేదు. తక్కువ తేడాతో, చివరిదాకా పట్టు వదలకుండా ఆడి బిషోఫ్ గెలిచాడు. వీనెకె గెలిచిన 24 ఏళ్ళకి అదే తరగతిలో మళ్ళీ జర్మనీకి స్వర్ణం. బీజింగ్‌లో జర్మన్ జూడో మొత్తానికి దక్కిన పతకం కూడా అదొక్కటే.

నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో అదే ఇద్దరూ ఫైనల్లో ఎదురుపడ్డారు. ఈలోగా కిమ్ 2010లోనూ, 2011లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఈసారి కిమ్‌దే గెలుపు, బిషోఫ్‌కి రజతం. చూశారా, ముందు స్వర్ణం, నాలుగేళ్ళకి రజతం. కోచ్‌ది ఏ లెక్కో ఆటగాడిదీ అదే లెక్క. అయితే లండన్ నాటికి కోచ్ వీనెకె కాదు. బీజింగ్ తర్వాత పురుషుల జట్టు బాధ్యత తీసుకున్నది ఇందాక చెప్పిన డెట్లెఫ్ ఉల్చ్. 1984లో బహిష్కరణ వల్ల ఇంట్లో ఉండిపోయిన తూర్పు జర్మన్, అదే 1984లో స్వర్ణం గెలిచిన పశ్చిమ జర్మన్ తర్వాత అదే కుర్చీలోకి వచ్చాడు. దేశం ఒకటయ్యాక కూడా ఈ పాత లెక్కలు మనుషుల మధ్య ఎంతకాలం నడిచి ఉంటాయో!

మీ అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. బిషోఫ్‌ని వీనెకె తయారుచేశాడా? సూటిగా చెప్పాలంటే, మనం అనుకునే అర్థంలో తయారుచేయలేదు. వీనెకె జాతీయ కోచ్ అయ్యేనాటికే బిషోఫ్‌కి ఇరవై దాటాయి. బెల్ట్ కట్టుకోవడం, కింద పడటం, పట్టు పట్టడం నేర్పినవాళ్ళు వేరే. జర్మనీలో పిల్లలు ఊరి క్లబ్బులో మొదలుపెడతారు. అక్కడి కోచ్ చాలామందికి ఇంకో ఉద్యోగం ఉంటుంది, సాయంత్రాలు నేర్పుతాడు. బాగా ఆడేవాళ్ళు రాష్ట్ర స్థాయి శిబిరాలకీ, అక్కడి నుంచి పెద్ద శిక్షణ కేంద్రాలకీ వెళతారు. జాతీయ కోచ్ చేతికి వచ్చేసరికి ఆటగాడి జూడో తొంభై పాళ్ళు రూపు కట్టి ఉంటుంది. తెలుగువాళ్ళం కోచ్ అనగానే పుల్లెల గోపీచంద్‌ని తలుచుకుంటాం. ఆయన కూడా 2001 ఆల్ ఇంగ్లండ్ చాంపియనే, కానీ ఆయనది సొంత అకాడమీ. పిల్లలు చిన్న వయసులో వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటారు. వీనెకె పని అలాంటిది కాదు.

మరి జాతీయ కోచ్ చేసేదేంటి? ఒక దేశం నుంచి ఒక్కో బరువుకి ఒక్కరే ఒలింపిక్స్‌కి వెళ్ళాలి. ఎవరిని పంపాలో తేల్చడం మొదటి తలనొప్పి, మిగిలినవాళ్ళు కోపంతో ఆట వదిలేయకుండా చూసుకోవడం రెండోది. తర్వాత ప్రత్యర్థుల లెక్క. కొరియావాడు ఎడమ పట్టా, కుడి పట్టా? మొదటి నిమిషంలో మీద పడతాడా, చివరి నిమిషం కోసం ఊపిరి దాచుకుంటాడా? స్లీవ్ దొరికాక ఎన్ని సెకన్లలో ఎటాక్ చేస్తాడు? ఏ శిబిరంలో ఎవరితో రందోరి, అంటే సాధన బౌట్లు, చేయించాలి, బరువు ఎప్పుడు దించాలి, గాయం ఉన్నవాడిని ఎప్పుడు ఆపాలి. చివరికి మ్యాట్ పక్కన కుర్చీ. ఇప్పుడు రిఫరీ బౌట్ ఆపినప్పుడే కోచ్ నోరు విప్పాలి. బీజింగ్ రోజుల్లో ఆ కట్టుబాటు లేదు, బౌట్ నడుస్తుండగానే అరిచి చెప్పేవారు. ఒలింపిక్ ఫైనల్లో ఆ నిమిషాలు ఎలా ఉంటాయో రెండుసార్లు అనుభవించినవాడు, అందులో ఒకసారి ఓడినవాడు, ఆ అరుపులో ఏ మాట ఉంచాలో ఏది తీసేయాలో తెలిసినవాడై ఉంటాడని నా నమ్మకం. మాజీ చాంపియన్ అవడం వల్ల వీనెకెకి కలిసొచ్చిందేదైనా ఉంటే అది ఇక్కడే అనుకుంటాను. సెయోయి-నాగె చూపించడానికి ఒలింపిక్ చాంపియనే అక్కర్లేదు, మీ ఊళ్ళో మంచి బ్లాక్ బెల్ట్ చాలు.

బీజింగ్ తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయం నాకు ఇంకా నచ్చుతుంది. చేతిలో స్వర్ణం ఉన్న కోచ్‌కి ఏ దేశం తలుపైనా తెరుచుకుంటుంది. క్వెల్‌మాల్ట్స్ బ్రిటన్ వెళ్ళి నేర్పాడు. బ్యోనిష్ తర్వాతి రోజుల్లో ఆస్ట్రియా జట్టుకి హెడ్ కోచ్ అయింది. ఆమె వచ్చిన ఏడాదే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మిఖాయెలా పొల్లెరెస్ రజతం, షమీల్ బోర్చాష్విలి కంచు తెచ్చారు. వీనెకె మాత్రం కొలోన్‌లోని ట్రైనర్ అకాడమీకి వెళ్ళాడు. అక్కడ చదువుకునేది ఆటగాళ్ళు కాదు, కోచ్‌లు. 1974లో పెట్టిన సంస్థ అది. జర్మనీలో కోచింగ్‌కి సి, బి, ఎ అని లైసెన్సులు ఉంటాయి. వాటి పైమెట్టు డిప్లొమా ట్రైనర్, అది ఈ అకాడమీలోనే చేయాలి. జూడోవాళ్ళ పక్కన హాకీ కోచ్, ఈత కోచ్, రోయింగ్ కోచ్ కూర్చుని చదువుతారు. శిక్షణ ప్రణాళిక, శరీర శాస్త్రం, మనస్తత్వం, ఆటగాడితో మాట్లాడే తీరు, అన్నీ పాఠాలే. ఎన్ని పతకాలున్నా ఈ చదువు చదువు కిందే లెక్క. మన దగ్గర కూడా పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉంది, మంచి కోర్సు. కానీ నేషనల్ మెడల్ ఉంటే చాలు, సర్టిఫికెట్ దేనికి అనే ధోరణి మన జిల్లాల్లో ఇంకా పోలేదు.

కాబట్టి మీ ఊళ్ళో అకాడమీ బోర్డు మీద చాంపియన్ ఫోటో ఉందా లేదా అని మాత్రమే చూడకండి. సాయంత్రం ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. పిల్లలకు పడటం, అంటే ఉకేమి, రోజూ చేయిస్తున్నారా? బరువులో తేడా ఉన్న పిల్లల్ని రందోరిలో కలిపేస్తున్నారా? పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల చేత పోటీ కోసం అన్నం మానిపించి బరువు దింపిస్తున్నారా? ఈ మూడో పని చేసే చోట ఫోటోలో ఎవరున్నా సరే, బాబుని వెనక్కి తీసుకొచ్చేయండి. కోచ్ ఏ డిప్లొమా చేశారని అడగడానికి మొహమాటపడకండి, మంచి కోచ్ సంతోషంగానే చెబుతారు.

చివరి ప్రశ్న, ఏ బౌట్లు చూపించాలి. 1984 ఫైనల్ చూపించండి, కానీ త్రో పడిన క్షణం దగ్గర ఆపకుండా దానికి ముందు నిమిషమంతా చూడమనండి. వీనెకె స్లీవ్ చెయ్యి ఏం చేస్తోందో, ఆడమ్స్ పాదాలు ఎటు కదులుతున్నాయో కాగితం మీద రాయమనండి. తర్వాత 2008, 2012 ఫైనల్స్ రెండూ ఒకదాని వెంట ఒకటి చూపించండి. అవే ముఖాలు, ఫలితాలు తారుమారు. కిమ్ ఆ నాలుగేళ్ళలో పట్టు ఎలా మార్చుకున్నాడో బాబు సొంతంగా చెప్పగలిగితే వాడికి బౌట్ చదవడం వచ్చినట్టే. 1984, 2008 బౌట్లలో ప్రత్యర్థి కాళ్ళు చేత్తో పట్టుకోవడం కనిపించవచ్చు. అప్పట్లో అది నియమాల్లోనే ఉంది. 2010 నుంచి తగ్గించి 2013లో పూర్తిగా నిషేధించారు. బాబు అది చూసి జిల్లా పోటీల్లో ప్రయత్నిస్తే పెనాల్టీ పడుతుంది, ముందే చెప్పి పెట్టండి.